అత్త పనిలో ఉన్నట్టా, లేనట్టా?

శ్రీధర్: నమస్తే అందరికీ. విశాఖ గోపాలపట్నంలో మన మేడ గది నుంచే. మరదలు పద్మ, మా పద్దు, వచ్చింది.

పద్మ: నమస్తే. పనసపొట్టు ఎపిసోడ్ తర్వాత మళ్లీ పిలుస్తావనుకోలేదు బావా.

శ్రీధర్: ఆ మాట ఎత్తకు, అమ్మ కిందే ఉంది. సరే, ఇవాళ్టి విషయం. పద్దు రిజర్వ్ బ్యాంకులో లేబర్ మార్కెట్ మీద రీసెర్చ్ చేస్తుందని మీకు తెలుసు. ఏయూలో ఎం.ఏ. ఎకనామిక్స్ పిల్లలు కొందరు అడిగారు, ఆ ఉద్యోగం ఎలా వస్తుంది, అక్కడ ఏం చేస్తారు అని. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, దాని గురించి నేను అడగను.

పద్మ: అడిగినా చెప్పను. ముందే ఇంకో మాట. నేను చెప్పేవన్నీ నా సొంత అభిప్రాయాలు, బ్యాంకువి కావు. మా బులెటిన్‌లో ప్రతి వ్యాసం కిందా ఇదే రాస్తాం.

శ్రీధర్: పిల్లల ప్రశ్న ముందు.

పద్మ: రిజర్వ్ బ్యాంకు ఆఫీసర్ల కోసం ఇచ్చే గ్రేడ్ బి నోటిఫికేషన్‌లో డీఈపీఆర్ అని విడిగా పోస్టులుంటాయి. అంటే ఎకనామిక్ అండ్ పాలసీ రీసెర్చ్ విభాగం. ఎకనామిక్స్‌లో మాస్టర్స్ ఉండాలి. రెండు దశల రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. స్టాటిస్టిక్స్ వాళ్లకి డీఎస్ఐఎం అని వేరే విభాగం ఉంది. మిగతాది నోటిఫికేషన్ చదువుకోండి, ఏటా చిన్న చిన్న మార్పులుంటాయి. నేను గట్టిగా చెప్పేది ఒకటే. పీఎల్ఎఫ్ఎస్ డేటా ఇవాళే డౌన్‌లోడ్ చేసుకోండి. కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితం.

శ్రీధర్: పీఎల్ఎఫ్ఎస్ అంటే ఆ ఉద్యోగాల సర్వే.

పద్మ: అవును, పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. అంతకుముందు సుమారు ఐదేళ్లకోసారి పెద్ద సర్వే చేసేవారు. 1972-73లో మొదలైంది, చివరిది 2011-12. తర్వాత 2017లో ఇది వచ్చింది. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చి, దేశం మొత్తానికి నెలనెలా అంచనాలు ఇస్తున్నారు. మొదటి నెలవారీ లెక్క 2025 ఏప్రిల్‌ది, నిరుద్యోగం 5.1 శాతం. ఆ ఫైలు తెరిస్తే అన్నీ అంకెలే. ఒక్కో వరుస ఒక్కో మనిషి. వయసు, చదువు, ఆ పక్కన రెండంకెల కోడ్. నా రోజులో సగం ఆ కోడ్‌లతోనే గడుస్తుంది.

శ్రీధర్: మా అమ్మకి ఏ కోడ్?

పద్మ: అత్తకా? (నవ్వు) మొన్న అదే అడిగాను. పోయినేడు ఎవరో సర్వేకి వస్తే ఏం చెప్పావు అత్తా అంటే, "ఏం చెప్తాను, ఇంట్లోనే ఉంటాను అన్నాను" అంది.

శ్రీధర్: ఉంటున్నది ఇంట్లోనేగా.

పద్మ: బావా, పొద్దున పాల ప్యాకెట్లు దించుకునేది ఎవరు?

శ్రీధర్: అమ్మే.

పద్మ: షట్టరు తీసేది? కందిపప్పు అరకేజీ, పావుకేజీ పొట్లాలు కట్టేది? ఖాతా పుస్తకంలో ఎవరెంత బాకీ అని చూడకుండా చెప్పేది? మామయ్య భోజనానికి లేస్తే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది?

శ్రీధర్: అది సాయం. కొట్టు నాన్నది.

పద్మ: కొట్టు మామయ్యదే. అత్త చేసేది పని. దానికి కోడ్ ఉంది, 21. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా పనిచేసేవాళ్లు. 21 పడితే దేశం లెక్కలో అత్త పనిచేస్తున్న మనిషి. "ఇంట్లోనే" అన్న మాట విని 92 వేస్తే ఇంటిపనులు మాత్రమే చేసే మనిషి, శ్రామిక శక్తి బయట, అంటే పనిచేసేవాళ్లూ పని కోసం చూసేవాళ్లూ కలిసిన లెక్క బయట. అత్త చేసేది అదే, లేచే టైమూ అదే. మారేది కాగితం మీది కోడ్ ఒక్కటే.

శ్రీధర్: ఆగు, దీనికి నేను ఒప్పుకోను. జీతం లేదు, సెలవు లేదు, తన పేరున ఒక్క కాగితం లేదు. అలాంటిదాన్ని ఉద్యోగంలో కలిపేసి ఉద్యోగాలు పెరిగాయంటే వినడానికే బాధగా ఉంది.

పద్మ: ఉద్యోగం అనడం లేదు. పని అంటున్నాను.

శ్రీధర్: పేపర్లో మాత్రం ఉద్యోగం అనే వస్తుంది. 2023-24లో 4.67 కోట్ల ఉద్యోగాలు పెరిగాయని మీ బ్యాంకు పేరు మీదే చదివాను.

పద్మ: అది కేఎల్ఈఎంఎస్ డేటాబేస్. 27 రంగాల్లో ఉత్పాదకత కొలవడానికి కట్టింది. అందులో మనుషుల సంఖ్యకి ఆధారం చాలావరకు ఈ సర్వేలే. ఉత్పత్తికి ఎంత శ్రమ పట్టిందో కొలవాలంటే అత్త శ్రమ కలపాల్సిందే. ఆ పప్పు పొట్లాలు వాటంతటవే కట్టుకోలేదు కదా. అదే అంకెని ఎవరైనా "ఇన్ని ఆఫర్ లెటర్లు ఇచ్చాం" అన్నట్టు చదివితే అప్పుడు నీ బాధ న్యాయం.

శ్రీధర్: మరి నీకెందుకు ఇంత పట్టుదల?

పద్మ: ఎందుకంటే, పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతం. 2023-24కి 41.7. చరిత్రలో అరుదైన పెరుగుదల ఇది. ఎక్కువ భాగం పల్లెల్లో, స్వయం ఉపాధిలో. మగాళ్ల సంపాదన చాలక ఆడవాళ్లు దిగారంటారు కొందరు. గ్యాసు, కుళాయి వచ్చి చేతిలో టైము మిగిలిందంటారు ఇంకొందరు. సర్వేవాళ్లు గుచ్చి అడగడం నేర్చుకున్నారన్న వాదన కూడా ఉంది. అన్నింట్లో కొంత నిజం ఉండొచ్చు. ఏది ఎంతో తేల్చడం నా పని. గడప దగ్గర అడిగిన ప్రశ్న సరిగ్గా లేకపోతే ముంబైలో నేను ఎంత గొప్ప మోడల్ రాసినా వృథా.

శ్రీధర్: ఎలా అడగాలంటావు?

పద్మ: "పని చేస్తారా అమ్మా" అని కాదు. "నిన్న పొద్దున షట్టరు ఎవరు తీశారు, ఎంతసేపు కూర్చున్నారు" అని అడగాలి. అత్త టకటకా చెప్పేస్తుంది.

శ్రీధర్: అలా అడిగితే జాలరిపేటలో అందరికీ పనే. ఒక్కళ్లు కూడా ఖాళీగా ఉండరు.

పద్మ: జాలరిపేట మంచి ఉదాహరణ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మే నెలలో సర్వేకి వెళ్లారనుకో. వారం లెక్కలో, గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టే. తన వల తను బాగుచేసుకున్నా పనే. గాజువాకలో కూలికి పోతే ఆ వారానికి కూలీ. పని కోసం వెతుకుతూ ఖాళీగా కూర్చుంటే నిరుద్యోగి. ఏడాది లెక్కలో ఈ ముగ్గురూ మత్స్యకారులే, ఎందుకంటే అక్కడ 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశారో చూస్తారు. అందుకే 2023-24లో నిరుద్యోగం ఏడాది లెక్కలో 3.2, వారం లెక్కలో 4.9. రెండూ నిజమే.

శ్రీధర్: ఒక్క గంటకే పనిలో ఉన్నట్టంటే నాకు ఒళ్లు మండుతుంది పద్దూ.

పద్మ: ఆ గంట అంతర్జాతీయంగా పాటించే నియమం. కానీ ఫైల్లో ఏ రోజు ఎన్ని గంటలో కూడా ఉంటుంది. నేను గంటలు చూడకుండా ఏ నోటూ రాయను. నిరుద్యోగం శాతం తగ్గడానికి ఇంకో దారి కూడా ఉంది. పని దొరక్కపోయినా తగ్గుతుంది, వెతకడం మానేసి, దొరికితే చేస్తామని కూడా అనకపోతే చాలు. అలాంటివాళ్లని నిరుద్యోగుల్లో లెక్కించరు.

శ్రీధర్: మా వీధి చివరి అమ్మాయి అంతే. బీకాం చేసింది. రెండేళ్లు తిరిగింది, ఇప్పుడు ఇంట్లోనే. అడిగితే ఏం లేదు అంకుల్ అంటుంది.

పద్మ: (కాసేపు ఆగి) అలాంటివాళ్లే నాకు రాత్రిళ్లు గుర్తొస్తారు. నిరుద్యోగం అంకెలో ఆమె ఉండకపోవచ్చు. ఎందుకు మానేసింది?

శ్రీధర్: బస్సు.

పద్మ: మళ్లీ నీ బస్సు దగ్గరికే వచ్చేశావా!

శ్రీధర్: నిజంగా బస్సే! అచ్యుతాపురం వైపు ఉద్యోగం వచ్చింది. సాయంత్రం షిఫ్టు అయ్యాక ఇంటికి చేరే దారి లేదు, వాళ్ల నాన్న వద్దన్నాడు. అక్కడ బట్టల ఫ్యాక్టరీలకి పల్లెల నుంచి ఆడపిల్లలు వెళ్తున్నారంటే కంపెనీ బస్సు ఊరికి వస్తుంది కాబట్టే. నువ్వు వడ్డీ రేటు అంటావు, జీతం అంటావు. నేను ఎన్నాళ్ల నుంచో బస్సంటున్నాను.

పద్మ: కాదనడం లేదు. కాకపోతే మా బ్యాంకు చేతిలో బస్సు లేదు.

శ్రీధర్: అసలు మీ బ్యాంకుకి ఉద్యోగాలతో ఏం పని? మీకు ధరలు చూసుకోమనే కదా చట్టం.

పద్మ: 2016లో సవరించిన చట్టం ప్రకారం ధరల స్థిరత్వం, వృద్ధిని దృష్టిలో ఉంచుకుంటూ. ద్రవ్యోల్బణం 4 శాతం, అటూ ఇటూ 2. ఉపాధి అన్న మాట లేదు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్‌కి 1977 నుంచి ఉంది. న్యూజిలాండ్‌లో 2018లో చేర్చి 2023లో తీసేశారు. అయినా చూడక తప్పదు, కూలి రేట్లు పెరిగితే ధరల మీద పడతాయి కదా. ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త 1958లో ఒక గీత గీసి చూపించింది ఇదే, నిరుద్యోగం తగ్గితే జీతాలు వేగంగా పెరుగుతాయని. కానీ ఆయన తీసుకున్నది 1861 నుంచి 1957 దాకా బ్రిటన్ లెక్కలు. అక్కడ ఎక్కువమంది జీతగాళ్లు. మన దగ్గర పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధే, 2023-24 లెక్క. అత్తకి జీతమే లేదు, ఇక పెరగడమేంటి? ఆ గీత ఇక్కడ అలాగే పెట్టేస్తే కుదరదు. నాకు ఈ ఉద్యోగం మీద ఇష్టం అక్కడే. అత్తని సరిగ్గా లెక్కపెట్టకుండా ఈ దేశంలో కూలి గురించీ ధర గురించీ మాట్లాడలేం.

శ్రీధర్: అయితే మా అమ్మ వల్ల రెపో రేటు...

పద్మ: బావా!

శ్రీధర్: సరే సరే. ఆగస్టు 15, 2025 నుంచి మన దగ్గర ఆడవాళ్లకి బస్సు ఉచితం. పథకం పేరు స్త్రీశక్తి. దాని వల్ల ఎంతమంది పనికి వెళ్లారో లెక్క తియ్యవచ్చుగా?

పద్మ: తియ్యాలనే ఉంది. ఆగస్టుకి ముందు, తర్వాత అని చూస్తే చాలదు. ఆ నెలల్లో ఊడ్పులు, తర్వాత కోతలు. ఆడవాళ్ల పని బస్సు లేకపోయినా పెరుగుతుంది. అందుకని పక్క రాష్ట్రాలు కావాలి. కర్ణాటక 2023 జూన్‌లో మొదలుపెట్టింది, తెలంగాణ అదే ఏడు డిసెంబర్‌లో. మనం 2025లో. ఒకళ్లకి వచ్చి ఇంకొకళ్లకి రాని ఆ నెలల్లో తేడా పట్టుకోవచ్చు.

శ్రీధర్: పట్టుకో మరి!

పద్మ: టికెట్టు లేకపోవడం వేరు, బస్సు ఉండటం వేరు. మీ వీధి అమ్మాయికి టికెట్టు డబ్బులు అడ్డా?

శ్రీధర్: ...కాదు. చీకటి పడ్డాక బస్సు లేకపోవడం.

పద్మ: అందుకే బస్సుల టైమ్ టేబుల్ కూడా ఊరూరికీ కావాలి. ఆ డేటా నాకు ఎవరిస్తారు?

శ్రీధర్: నేనిస్తాను. ఇక్కడి నుంచి కూర్మన్నపాలెం, అనకాపల్లి వైపు చివరి బస్సులన్నీ రాసిపెట్టాను. నువ్వు నవ్వుతావని చూపించలేదు.

పద్మ: నవ్వడం దేనికి? ఆ పుస్తకం ఏది, ఇలా ఇవ్వు. ఏ స్టాపు నుంచో రాశావా? ఆదివారాలు వేరుగా ఉన్నాయా?

శ్రీధర్: వేరే ఉన్నాయి. పద్దూ, కింద ఆటో వచ్చింది, ఎయిర్‌పోర్టుకి.

పద్మ: ఐదు నిమిషాలు ఆగమను. ఇక్కడ చూడు, షిఫ్టు ఎప్పుడు వదులుతారో పక్కన రాస్తే...

శ్రీధర్: ఫ్లైటు పోతుంది తల్లీ.

పద్మ: సగం ఫొటోలు తీస్తాను, సగం నువ్వు వాట్సాప్ చెయ్యి. ఈ పేజీలో ఇదేంటి, ఏడా ఒకటా?