ఆర్ట్ ప్రింటుకు తక్కువ ఖర్చులో పటం: రెడీమేడ్ ఫ్రేము కొనాలా, కట్టించుకోవాలా?

నమస్కారం. బెంగళూరులో ఏటా కర్ణాటక చిత్రకళా పరిషత్తు కుమారకృప రోడ్డులో నిర్వహించే చిత్ర సంతెలో ఎందరో ముచ్చటపడి ప్రింట్లు కొంటారు. తీరా పటం కట్టించడానికి ప్రింటు ధరను మించి ఖర్చవుతుందని తెలిశాక, వాటిని చుట్టచుట్టి బీరువా మీద పెట్టేస్తారు. మంచి బొమ్మకు ఆ గతి పట్టకూడదనే ఈ రోజు రెండు ఫ్రేములను విప్పి చూపిస్తున్నాను. ఒకటి రెడీమేడ్, రెండవది మారతహళ్లిలోని ఒక చిన్న దుకాణంలో కట్టించినది.

రెడీమేడ్ ఫ్రేము 30 × 40 సెంటీమీటర్లు. లోపలి మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ తెల్లని అంచులా కనిపించే అట్ట, ఏ4 ప్రింటుకు సరిపడేలా కోసి ఉంది. మౌంట్ తీసేస్తే ఏ3 ప్రింటు పడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఏ3 పొడవు 42 సెంటీమీటర్లు. ఆ మిగిలిన రెండు సెంటీమీటర్లను దయచేసి కత్తిరించకండి. చిత్రకారుల సంతకం తరచుగా ఆ కింది అంచులోనే ఉంటుంది.

ఇప్పుడు మౌంట్‌ను దగ్గరగా చూడండి. ఏటవాలుగా కోసిన అంచు శుభ్రంగా ఉంది, ప్యాకెట్ మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఉంది. మామూలు అట్టలోని ఆమ్లం కొన్నేళ్లకు ప్రింటు అంచులను పసుపుపచ్చగా మార్చేస్తుంది కాబట్టి, ఈ ఒక్క మాట కోసం నాలుగు రూపాయలు ఎక్కువైనా పెట్టవచ్చు. ఏ4 ప్రింటుకు నేను నిస్సంకోచంగా దీన్నే సిఫారసు చేస్తాను.

ఏ3 ప్రింటుకు మాత్రం కట్టించుకోవడమే మేలు. దుకాణాల్లో బీడింగ్‌కు, అంటే ఫ్రేము నాలుగు వైపులా ఉండే పట్టీకి, సాధారణంగా అడుగు లెక్కన ధర కడతారు. ప్రింటు చుట్టూ ఐదేసి సెంటీమీటర్ల మౌంట్ వదిలితే చుట్టుకొలత సుమారు 183 సెంటీమీటర్లు, అంటే ఆరు అడుగులు. మూలల కోతలో పోయే ముక్కలు అదనం. టేకుకు బదులు సన్నని సింథటిక్ బీడింగ్ తీసుకుంటే అడుగడుగునా డబ్బు మిగులుతుంది, బొమ్మకు ఏ లోటూ రాదు. పొదుపు చేయవలసింది అక్కడే తప్ప, మౌంట్ దగ్గర కాదు.

దుకాణంలో కట్టించిన ఈ ఫ్రేము వెనుక భాగం చూడండి. ప్రింటును పై అంచున మాత్రమే, రెండు కాగితపు టేపు ముక్కలతో వేలాడదీశారు. వానాకాలంలో కాగితం తేమకు సాగుతుంది, ఎండకు బిగుస్తుంది. నాలుగు వైపులా అంటిస్తే ముడతలు పడుతుంది. జిగురుతో బోర్డుకు పూర్తిగా అంటించేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ తరువాత ప్రింటును విడదీయడం దాదాపు అసాధ్యం.

ముందువైపు గాజా, యాక్రిలిక్కా అన్నది మీ గోడను బట్టి నిర్ణయించుకోండి. అదే మందంలో యాక్రిలిక్ బరువు గాజులో సగమే ఉంటుంది కనుక, పెద్ద మేకులు కొట్టనివ్వని అద్దె ఇళ్లకు అది అనువైనది. అయితే పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. మెత్తని తడిగుడ్డ వాడాలి. ఏది వేయించినా, ఎండ నేరుగా పడే గోడకు మాత్రం ప్రింటును తగిలించకండి.