చర్చ: మాక్‌బెత్ ఇంట్లో మాట ఎవరిది?

(విజయనగరం స్టూడియోలో రికార్డయిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు మనది. మధురవాణి గురించి ఇక్కడ ఎవర్నడిగినా గంట మాట్లాడతారు. ఈవేళ ఆవిణ్ని కాస్త పక్కన కూచోబెట్టి, షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో నాయకుడి పెళ్లాం లేడీ మాక్‌బెత్‌ని పిలుద్దాం. మేడమ్, మొగుణ్ని చెడగొట్టింది ఆవిడేనా?

అధ్యాపకురాలు: అందరూ అదే అంటారు, నేనొప్పుకోనండి. రాజువవుతావని మాక్‌బెత్‌కి మంత్రగత్తెలు చెప్పారు గానీ, అప్పటి రాజు డంకన్‌ని చంపమని ఏ ఒక్కత్తీ అనలేదు. ఆ బుద్ధి అతనికే పుట్టింది. వెనకాడుతుంటే ఈవిడ ముందుకి తోసింది.

దర్శకుడు: అది మామూలు తొయ్యడమా! కాపలావాళ్లకి మత్తుమందు పట్టించింది. అతను కంగారులో బాకులు పట్టుకొచ్చేస్తే, తిరిగి తీసుకెళ్లి వాళ్లకి నెత్తురు పూసొచ్చింది.

అధ్యాపకురాలు: పూసింది. పొడవలేకపోయింది కదా! నిద్రపోతున్న ముసలాయనలో కన్నతండ్రి పోలిక కనబడిందట. ఆ ముక్క ఎవరూ పట్టించుకోరు.

నటి: (నవ్వుతూ) నేను పట్టించుకున్నానండి. శ్రీకాకుళంలో ఆ వేషం కట్టినప్పుడు మా గురువుగారు ఒకటే అన్నారు: "రెండో అంకంలో చేతులెలా కడిగావో గుర్తెట్టుకో." అక్కడ కాసిన్ని నీళ్లు చాలంటుంది. అయిదో అంకంలో నిద్దట్లో నడుస్తూ, నీళ్లే లేకుండా రుద్దుతుంది. ఒక్కోసారి పావుగంట అలాగే రుద్దుతుందని చెలికత్తె చెబుతుంది. మొదటి రిహార్సల్లో నేను అంట్లు తోమినట్టు రుద్దేశాను, అందరూ ఒకటే నవ్వు! తర్వాత ఇలా... బొటనవేలితో, అరచేతిలో గోరింటాకు చుక్క చెరుపుకుంటున్నట్టు. (చూపిస్తుంది)

వ్యాఖ్యాత: మరి మధ్యలో ఏమైపోయిందావిడ?

అధ్యాపకురాలు: అసలు సంగతి అక్కడుంది. తర్వాత తోటి సేనాపతి బాంకోని చంపించేటప్పుడు పెళ్లానికి చెప్పడు. నీకు తెలియకపోతేనే నయం అంటాడు. పాఠం వచ్చేసింది, పంతులమ్మతో పనేంటి?

దర్శకుడు: విందులో పరువు నిలబెట్టింది మాత్రం ఆవిడే. బాంకో దెయ్యాన్ని చూసి అతను కేకలేస్తుంటే, "ఆయనకి చిన్నప్పట్నుంచీ ఇంతే, కూచోండి" అని చుట్టూ ఉన్నవాళ్లకి సర్దిచెబుతుంది.

అధ్యాపకురాలు: తాగొచ్చిన మొగుణ్ని చుట్టాల ముందు వెనకేసుకొచ్చినట్టు!

వ్యాఖ్యాత: మరి మాక్‌బెత్‌కి ఎదురుతిరిగిన ప్రభువు మాక్‌డఫ్ భార్య?

దర్శకుడు: ఒకే సీను. మొగుడు చెప్పాపెట్టకుండా ఇంగ్లండు పోయాడని కొడుకు దగ్గర వాపోతుంటే మాక్‌బెత్ పంపిన హంతకులొచ్చి చంపేస్తారు. ఆ కబురుతో మాక్‌డఫ్ కోపం సొంత పగయింది. చివరికి మాక్‌బెత్ తల తెగింది అతని కత్తికే.

అధ్యాపకురాలు: అదే మాక్‌బెత్, తన పెళ్లాం పోయిందంటే ఎలా పోయిందని కూడా అడగడు.

నటి: ఆ సీనప్పుడు నేను గ్రీన్‌రూమ్‌లో ఉంటానండి, రంగు తుడుచుకుంటూ. ఆ మాటలు మైకులో వినబడతాయి.