బిల్డ్‌రూట్ రివ్యూ: డిపెండెన్సీ ఎర్రర్ వస్తే ముందు ఏం చూడాలి?

నమస్కారం అండి. ఈ వీడియోలో బిల్డ్‌రూట్ రివ్యూ చేస్తున్నాను. చిన్న బోర్డులకి కావాల్సిన లినక్స్ ఇమేజ్ మొత్తాన్ని మన ల్యాప్‌టాప్‌లో కట్టిపెట్టే టూల్ ఇది. బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4. ఫీచర్లన్నీ వరసగా చదువుకుంటూ పోను. "ఫలానా ఫైల్ లేదు, ఫలానా లైబ్రరీ దొరకలేదు" అని బిల్డ్ మధ్యలో ఆగినప్పుడు ఈ టూల్ మనకి ఎంత ఆసరాగా ఉంటుందో అదొక్కటే చూద్దాం. ఎంబెడెడ్ లినక్స్ మొదలుపెట్టిన చాలామంది విసుగొచ్చి వదిలేసేది అక్కడే కదా.

బిల్డ్ జరిగేది ల్యాప్‌టాప్‌లో, ప్రోగ్రాం నడిచేది బోర్డులో. కాబట్టి లేదన్నది ఈ రెండింట్లో దేనికి కావాలి? ముందు ఇది తేల్చుకోవాలి. తేల్చుకోకుండా కనిపించిన ప్యాకేజీకల్లా ఆప్ట్ ఇన్‌స్టాల్ (ఉబుంటులో ప్యాకేజీలు దింపే కమాండ్) కొడుతూ పోతే ల్యాప్‌టాప్ నిండుతుంది తప్ప ఎర్రర్ పోదు.

ల్యాప్‌టాప్ వైపు సంగతి బిల్డ్‌రూట్ మొదట్లోనే చూసుకుంటుంది. బిల్డ్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టగానే సీపీఐఓ, అన్‌జిప్ లాంటి టూల్స్ ఉన్నాయో లేదో వెతికి, లేకపోతే "మీ బిల్డ్ మెషిన్‌లో ఇది ఇన్‌స్టాల్ చేయాలి" అని పేరు పెట్టి చెబుతుంది. పెర్ల్ మాడ్యూల్ తక్కువైనా చెబుతుంది. డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్ లోపలే లినక్స్ వాడేవాళ్లకి ఇంకో ఎర్రర్ వస్తుంది, పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల లిస్ట్‌లో) స్పేస్‌లున్నాయని. విండోస్ పాత్ లోపలికి వచ్చేయడం వల్ల, అందులో ప్రోగ్రాం ఫైల్స్ అనే ఫోల్డర్ పేరు మధ్య ఉన్న ఖాళీ వల్ల వచ్చే తంటా అది. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో అపెండ్ విండోస్ పాత్ అన్నదాన్ని ఫాల్స్ చేసి, డబ్ల్యూఎస్ఎల్ ఆపి మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ ఎర్రర్ చూడండి. కెర్నల్ కంపైల్ అవుతుండగా ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ హెడర్ ఫైల్ దొరకలేదంటోంది. చాలామంది వెంటనే బిల్డ్‌రూట్ ఆప్షన్ల మెనూ అయిన మెనూకాన్ఫిగ్ తెరిచి, టార్గెట్ ప్యాకేజీల్లో, అంటే బోర్డులోకి వెళ్లేవాటిలో, ఓపెన్ఎస్ఎస్ఎల్ టిక్ పెట్టేస్తారు. మళ్లీ బిల్డ్ చేస్తే అదే ఎర్రర్. దాని పైన ఉన్న లైన్ చదవండి: హోస్ట్‌సీసీ అని మొదలవుతోంది. అంటే ఆ చిన్న ప్రోగ్రాం మన ల్యాప్‌టాప్ మీద నడవడానికి తయారవుతోంది, బోర్డు కోసం కాదు. కాబట్టి టిక్ పెట్టాల్సింది కెర్నల్ మెనూలో "నీడ్స్ హోస్ట్ ఓపెన్ఎస్ఎస్ఎల్" అన్న చోట. ఉబుంటులో లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ వేసినా గట్టెక్కవచ్చు. కానీ రేపు మీ కొలీగ్ మెషిన్‌లో అదే బిల్డ్ మళ్లీ ఆగుతుంది. అందుకే నేను మెనూలో పెట్టమంటాను.

మన సొంత ప్రోగ్రాం చేర్చేటప్పుడు బిల్డ్‌రూట్ కాస్త కఠినంగా ఉంటుంది, నాకు బాగా నచ్చింది కూడా అదే. మేక్‌ఫైల్‌లో ల్యాప్‌టాప్ యూఎస్ఆర్ ఇంక్లూడ్ దారి రాసి ఉంటే "అన్‌సేఫ్ పాత్" అని అక్కడికక్కడే ఆపేస్తుంది. చేత్తో క్రాస్ కంపైల్ (ల్యాప్‌టాప్‌లో బోర్డు కోసం కంపైల్) చేస్తే ఆ తప్పు చాలాసేపు దాక్కుంటుంది. లిబ్‌కర్ల్ అనే నెట్‌వర్క్ లైబ్రరీ వాడే ప్రోగ్రాం అయితే, దాన్ని ఎలా కట్టాలో బిల్డ్‌రూట్‌కి చెప్పే డాట్ ఎంకే ఫైల్‌లో డిపెండెన్సీస్ లైన్‌లో లిబ్‌కర్ల్ పేరు తప్పకుండా రాయాలి. రాయకపోయినా, అదృష్టం కొద్దీ లిబ్‌కర్ల్ ముందే బిల్డ్ అయి ఉంటే పని జరిగిపోతుంది. క్లీన్ చేసి మళ్లీ కడితే ఆ తప్పు బయటపడవచ్చు. ఇలాంటివి ముందే పట్టుకోవాలంటే పర్-ప్యాకేజ్ డైరెక్టరీస్ ఆప్షన్ ఆన్ చేయండి. అప్పుడు ప్రతి ప్యాకేజీకి తాను రాసుకున్న డిపెండెన్సీలే కనిపిస్తాయి.

బిల్డ్ పూర్తయి, బోర్డులో రన్ చేస్తే "షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయాను" అంటుందనుకోండి. ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్‌ని ల్యాప్‌టాప్‌లో కొట్టి లాభం లేదు, బోర్డు కోసం కట్టిన ఏఆర్ఎం ఫైల్‌ని అది డైనమిక్ ప్రోగ్రామే కాదంటుంది. రీడ్‌ఎల్ఫ్ మైనస్ డి కొట్టండి. నీడెడ్ అన్న లైన్లలో ఏ లైబ్రరీలు కావాలో పేర్లతో సహా ఉంటాయి.

ఇక నచ్చనివి. మామూలుగా బోర్డులో ఆప్ట్ ఉండదు. చిన్న లైబ్రరీ కావాలన్నా ఇమేజ్ మళ్లీ కట్టి ఎస్‌డీ కార్డులో రాయాలి. మెనూలో ఒక ప్యాకేజీ టిక్ తీసేసినంత మాత్రాన అది ఇమేజ్‌లోంచి పోదు, మేక్ క్లీన్ చేసి మొత్తం కట్టాల్సిందే. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇది నిజంగా టెన్షనే. రోజుకో లైబ్రరీ మార్చి ప్రయోగాలు చేసే దశలో ఉంటే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోనే ఉండండి. ప్రోడక్ట్‌గా బయటికి వెళ్లే ఇమేజ్ అయితే మాత్రం బిల్డ్‌రూట్ తీసుకోండి, నిశ్చింతగా చెబుతున్నాను.

మీ బిల్డ్ ఎక్కడైనా ఆగితే కామెంట్‌లో పెట్టండి. చివర్లో వచ్చే "ఎర్రర్ 2" లైన్ వద్దు, దాంతో ఏమీ తెలియదు. పైకి స్క్రోల్ చేసి, మొదటిసారి ఎర్రర్ కనబడిన లైన్‌తో పాటు దాని పైన రెండు మూడు లైన్లు కూడా పెట్టండి.