సాయంత్రం ఏడింటికి డెస్క్ దగ్గర

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ ఆస్పత్రుల పీఆర్వోలు, అంటే ప్రజాసంబంధాల అధికారులు ఉన్నారు, కాలేజీల వాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు డీపీఆర్వో ఆఫీసు, అంటే జిల్లా పౌర సంబంధాల అధికారి ఆఫీసు నుంచి కూడా వచ్చారు అని చెప్పారు, చాలా సంతోషం. పేపర్ వాళ్లతో మనం ఎలా పని చేయాలో ఇవాళ మాట్లాడుకుందాం. ముందు ఒకటి అడుగుతాను, మీలో ఎంతమంది తెలుగు పేపర్ ఆఫీసులో సాయంత్రం ఏడింటికి డెస్క్ దగ్గర నిలబడి చూశారు? చేతులెత్తండి. నలుగురు. సరే, మిగతావాళ్ల కోసం అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నేను 14 ఏళ్లు ఆ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా, అంటే వచ్చిన వార్తలు దిద్ది పేజీలో పెట్టే మనిషిగా కూర్చుని ఆ తర్వాత పీఆర్‌లోకి వచ్చిన మనిషిని, రెండు వైపులా చూశాను కాబట్టి చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటున్నా.

మీరందరూ రిపోర్టర్ గురించే ఆలోచిస్తారు. రిపోర్టర్ వచ్చాడా, నోట్స్ రాసుకున్నాడా, కాఫీ తాగాడా. కానీ మీ వార్త పేజీలోకి వెళ్లేది రిపోర్టర్ చేతి మీదుగా కాదండి, మీరు ఎప్పుడూ చూడని ఒక సబ్ ఎడిటర్ చేతి మీదుగా. జిల్లా పేజీలు చూసే సబ్‌కి నాలుగైదు మండలాలు ఉంటాయి, సాయంత్రం అయ్యేసరికి కంట్రిబ్యూటర్ల, అంటే మండల విలేకరుల వార్తలు వరదలా వచ్చి పడతాయి, యాక్సిడెంట్ ఒకటి, ఎమ్మెల్యే పర్యటన, ఎక్కడో ధాన్యం కొనుగోలు దగ్గర రైతుల ధర్నా, మధ్యలో యాడ్స్ వాళ్లు వచ్చి పేజీలో సగం మాది అంటారు. దూరం వెళ్లే ఎడిషన్ ముందు రిలీజ్ చేయాలి, లేటయితే వ్యాన్ కదలదు, వ్యాన్ కదలకపోతే పొద్దున ఏజెంట్ తిడతాడు. సరిగ్గా ఆ టైమ్‌కి ఫోన్. "మేడమ్, మా ప్రెస్ నోట్ పంపాం, చేరిందా అండీ? ఫొటో కొంచెం పెద్దది వేయండి, మా చైర్మన్ గారు కట్ అవ్వకుండా చూడండి."

ఆ ఫోన్ ఎత్తినప్పుడు నాకు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ అబ్బాయి తప్పేం లేదు పాపం, వాళ్ల బాస్ పక్కనే నిలబడి చేయిస్తున్నాడు. కానీ ఆ ఫోన్ వల్ల ఫొటో పెద్దది అవ్వదు. మధ్యాహ్నం మూడింటికే నోట్ పంపి, ఒక్క మెసేజ్ పెట్టి వదిలేస్తే ఆ వార్తకి చోటు దొరికే అవకాశం ఎక్కువ, ఇది నేను డెస్క్ మీద ప్రమాణం చేసి చెప్తాను.

ఇప్పుడు ప్రెస్ నోట్ దగ్గరికి వద్దాం. ఒకసారి ఒక ఆస్పత్రి నుంచి ఉచిత గుండె వైద్య శిబిరం అని నోట్ వచ్చింది. పేజీన్నర. మొదటి మూడు లైన్లు చైర్మన్ గారి బిరుదులు, తర్వాత ఆయన చిన్నప్పటి నుంచి ప్రజాసేవ చేయాలనుకున్న సంగతి, తర్వాత ఆస్పత్రిలో ఉన్న మిషన్లు, చివర్లో అందరూ సద్వినియోగం చేసుకోవాలని కోరారు. చదివా. మళ్లీ చదివా. క్యాంపు ఎన్నింటికో లేదు. ఏ టెస్టులు ఫ్రీయో లేదు. ఈసీజీ ఒక్కటేనా, ఎకో కూడానా? ఆధార్ తేవాలా, పాత రిపోర్టులు తేవాలా? నోట్ కింద నంబర్ ఉంటే ఫోన్ చేశా, స్విచాఫ్. ఏం చేస్తాను, నాలుగు లైన్ల సింగిల్ కాలమ్ కొట్టి వదిలేశా. పొద్దున తొమ్మిది నుంచి ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగుతూనే ఉంది, అందరూ పెద్దవాళ్లే, "అమ్మా, ఆ గుండె క్యాంపు ఎన్నింటికమ్మా, మేం పల్లె నుంచి రావాలి" అని. ఆ ఆస్పత్రి వాళ్లు ఆ క్యాంపు మీద ఎంత ఖర్చు పెట్టారో మరి, రావాల్సినవాళ్లకి టైమ్ తెలియలేదు. ఆ నోట్ రాసిన మనిషి మనసులో చైర్మన్ గారున్నారు, బస్సెక్కి రావాల్సిన ముసలాయన లేడు. ఇద్దరూ ఉంటే పర్లేదు, కానీ ముసలాయన ముందుండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఫాంట్. మీ ఆఫీసులో డీటీపీ చేసే అతను ఏళ్ల తరబడి అను ఫాంట్స్ అనే పాత తెలుగు ఫాంట్లలో కొడుతుంటాడు, అదే ఫైల్ మెయిల్ చేస్తారు, ఇక్కడ సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. ఇంకొందరు లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, సంతకం పెట్టి, సీల్ వేసి, దాన్ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సీల్ ఉంటే అధికారికంగా ఉంటుందని. అది చూసి సబ్ ఎడిటర్ మొదటి నుంచీ మళ్లీ టైప్ చేయాలి, ఏడున్నరకి ఎవరు చేస్తారండి? ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో కొట్టి మెయిల్ బాడీలోనే పెట్టండి, సంతకం కాపీ కావాలంటే విడిగా అటాచ్ చేయండి. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయి ప్రింట్‌లో మసకగా పడుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, కింద ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు రాయండి. పేర్లు తెలుగులో రాయండి! ఇంగ్లీషులో ఆర్, ఏ, ఎమ్, ఏ అని ఉంటే అది రమా, రామానా నాకెలా తెలుస్తుంది? ఒక ప్రిన్సిపాల్ గారి పేరు అలాగే తప్పు పడితే ఆవిడ రిపోర్టర్‌ని నెల రోజులు సాధించారు, తప్పు చూస్తే నోట్‌లో ఉంది.

ముంబై, ఢిల్లీ ఏజెన్సీల నుంచి వచ్చే తెలుగు నోట్ల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంగ్లీషు నోట్‌ని మిషన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి యథాతథంగా పంపిస్తారు. స్టేట్ ఆఫ్ ది ఆర్ట్ ఫ్యాక్టరీ అనేది "కళ యొక్క స్థితి కర్మాగారం" అయి వచ్చింది నా దగ్గరికి. పెట్టుబడి మిలియన్ డాలర్లలో ఉంటుంది, మా పాఠకుడికి కోట్లలో కావాలి, ఏ రేటుకి లెక్కకట్టాలో నోట్‌లో ఉండదు, ఇద్దరు సబ్‌లు రెండు లెక్కలు వేస్తే రెండు పేపర్లలో రెండు అంకెలు వస్తాయి. అదే కంపెనీ హైదరాబాద్‌లో ఇంగ్లీషు పేపర్ల వాళ్లకి పెద్ద హోటల్లో విడిగా ఇంటర్వ్యూ ఇస్తుంది, తెలుగు రిపోర్టర్లకి సాయంత్రం నోట్ పంపిస్తుంది. ఆ కంపెనీ సరుకు కొనేవాళ్లు ఎవరు? ఆ ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊరివాళ్లు ఏ పేపర్ చదువుతారు? ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, తెలుగు రిపోర్టర్‌కి సబ్జెక్ట్ తెలియదు అనే చిన్నచూపు మన వృత్తిలో ఇంకా ఉంది. తెలుగు డైలీల బలమే జిల్లా వార్తల్లో ఉంది, 1974లో ఈనాడు విశాఖలో మొదలైనప్పటి నుంచి ఆ తర్వాత జిల్లా జిల్లాకి విడిగా పేజీలు వచ్చేదాకా, మండల కేంద్రంలో ఏం జరిగిందో మర్నాడు అచ్చులో చూసుకోవడం మన జనానికి అలవాటైపోయింది. ఆ పేజీలు నింపే మనిషి మండల విలేకరి.

ఆ విలేకరి బతుకు ఏంటో తెలుసుకోండి. చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కొలిచి డబ్బులిస్తారు, అవి పెట్రోలుకి కూడా చాలవు. పైగా పండక్కి యాడ్స్ టార్గెట్, చందాల టార్గెట్. మీరు పదకొండింటికి ప్రెస్ మీట్ అని పిలుస్తారు, అతను నలభై కిలోమీటర్లు బండి మీద వస్తాడు, ముఖ్య అతిథి ఒంటిగంటన్నరకి దిగుతాడు. ఆ రెండున్నర గంటల్లో అతనికి మూడు వార్తలు పోయాయి. లేటవుతుందని తెలిస్తే ముందే చెప్పండి, నోట్ ముందే చేతికివ్వండి, ఉండగలిగినవాడు ఉంటాడు.

కవర్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి, మొహమాటం ఏం లేదు. ప్రెస్ మీట్ అయ్యాక కిట్‌లో డబ్బుల కవర్ పెట్టి ఇవ్వడం. దారి ఖర్చులకి అంటారు. నేను పీఆర్‌లోకి వచ్చిన మొదటి నెలలోనే క్లయింట్‌కి చెప్పేశాను, కవర్లు నా చేత్తో ఇవ్వను అని, ఇద్దరు క్లయింట్లు పోయారు, పోనివ్వండి. బహుమతులు తీసుకోకూడదని పేపర్ల నడవడిక చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళి జర్నలిస్టుకి చెప్తుంది, ఇవ్వకూడదని మనకి మనం చెప్పుకోవాలి. 2009 ఎన్నికల్లో డబ్బులకి వార్తలు అమ్మిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో కమిటీ వేసింది, అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్ రెడ్డి గారు, ఇంకొకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన పూర్తి రిపోర్టు బయటికి రావడానికి సమాచార హక్కు చట్టం దాకా వెళ్లాల్సి వచ్చింది. అందులో కొనేవాడు, అమ్మేవాడు ఉంటే మధ్యలో ఉన్నది ఎవరు? మనలాంటివాళ్లే కదా. అలాగే "మీ పేపర్‌కి యాడ్ ఇస్తున్నాం కదండీ" అనే మాట. దయచేసి ఎప్పుడూ అనకండి. ఆ మాట విన్న మంచి రిపోర్టర్ ఇంక మీ నోట్‌ని నోట్‌గా చదవడు, యాడ్‌గా చూస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. మంచి రోజున పీఆర్ ఎవరైనా చేస్తారు, శంకుస్థాపన, ర్యాంకులు, అవార్డులు. చెడ్డ రోజున ఫోన్ ఎత్తుతారా లేదా అనే దాన్ని బట్టే జర్నలిస్టు మనల్ని లెక్కేసుకుంటాడు.

నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది, సాయంత్రం నాలుగు గంటలు. పీఆర్వో ఫోన్ స్విచాఫ్, మేనేజర్ ఎత్తలేదు, గేటు మూసేశారు. టీవీల్లో స్క్రోలింగ్ ఎనిమిది మంది మృతి అని, ఇంకో చానల్ పదకొండు. గేటు బయట ఆడవాళ్లు ఏడుస్తున్నారు, నా భర్త డ్యూటీలో ఉన్నాడా లేడా చెప్పండి అని. రాత్రి తొమ్మిదిన్నరకి ఆస్పత్రి మార్చురీ దగ్గర నుంచి మా రిపోర్టర్ లెక్క చెప్పాడు, ముగ్గురు. ముగ్గురే చాలా ఎక్కువ, కానీ ఎనిమిది, పదకొండు అని విన్న ఇళ్లలో ఆ ఐదున్నర గంటలు ఎలా గడిచాయో ఊహించండి. యాజమాన్యం అందుబాటులోకి రాలేదు అని మేం రాశాం, అది నిజం. మర్నాడు పీఆర్వో ఫోన్ చేసి ఏకపక్షంగా రాశారన్నాడు. నిన్న ఆరింటికి "ప్రమాదం జరిగింది, ఎంతమందో ఇంకా లెక్క తేలలేదు, డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్ల జాబితా గేటు దగ్గర పెడుతున్నాం, ఏడింటికి మళ్లీ చెప్తాం" అని నాలుగు ముక్కలు చెప్పుంటే చాలు కదా. లెక్క తేలలేదు అని చెప్పడం నామోషీ కాదండి. కానీ ఏడింటికి చెప్తా అంటే ఏడింటికి చెప్పాలి, కొత్త సంగతి ఏమీ లేకపోయినా సరే.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో రైల్వే కంపెనీలు ఇలాంటివి దాచేసేవి. ఐవీ లీ అనే ఆయన ఆ రైలు నడిపిన కంపెనీకి పీఆర్ పని చేస్తున్నాడు, ఆయన విలేకరులని స్వయంగా అక్కడికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించి, కంపెనీ తరఫున రాతపూర్వకంగా వివరాలిచ్చాడు. మొదటి ప్రెస్ రిలీజ్ అని అందరూ చెప్పేది దాన్నే. గమనించండి, మన వృత్తిలో ఆ మొదటి కాగితం పుట్టింది సన్మానం రోజున కాదు, శవాలు తీస్తున్న రోజున.

మన దగ్గరికే వస్తే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైన రోజు గుర్తు తెచ్చుకోండి, 12 మంది పోయారు. ఆ పొద్దున ప్రతి న్యూస్‌రూమ్‌కి, ప్రతి ఇంటికి కావాల్సినవి ఇవే, ఏ గ్యాస్, ఎంత దూరం వెళ్లాలి, కళ్లు మండితే ఏం చేయాలి, ఏ ఆస్పత్రికి వెళ్లాలి. ఇలాంటి కాగితం ప్రమాదం జరిగాక కూర్చుని రాసేది కాదు. మీలో ఫ్యాక్టరీల వాళ్లుంటే ఇవాళ్టికివాళ వెళ్లి మీ సేఫ్టీ ఆఫీసర్‌ని కూర్చోబెట్టి, మీ దగ్గరున్న ప్రతి కెమికల్‌కి తెలుగులో ఒక పేజీ రాయించి పెట్టుకోండి. అదే ఏడాది కరోనా బులెటిన్లలో వివరాలు సరిగా లేవని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని గట్టిగానే నిలదీసింది. వివరం ఇవ్వకపోతే రిపోర్టర్ ఊరుకోడు, శ్మశానానికి వెళ్లి లెక్కపెట్టుకుంటాడు, అది అతని పని.

నా తప్పు ఒకటి చెప్పాలి. పీఆర్‌లోకి వచ్చిన రెండో ఏడు, ఒక క్లయింట్ హాస్టల్‌లో పిల్లలకి ఫుడ్ పాయిజన్ అయింది. నేనడిగితే ఎవరికీ ఏం కాలేదు, ఇద్దరికి కడుపునొప్పి అంతే అన్నారు. నేను వెళ్లి చూడలేదు. నాతో పదేళ్లు కలిసి పనిచేసిన రిపోర్టర్ ఫోన్ చేస్తే అదే చెప్పాను, నన్ను నమ్మి అతను అలాగే రాశాడు. మర్నాడు మిగతా అన్ని పేపర్లలో 40 మంది పిల్లలు, సెలైన్ బాటిళ్ల ఫొటోలు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నాకు ఫోన్ చేయలేదు, ఇప్పటికీ చేయడు. అప్పటి నుంచి నేను స్వయంగా చూడనిది, కాగితం మీద లేనిది "వాళ్లు చెప్తున్నది ఇదండీ, నేను ఇంకా చెక్ చేయలేదు" అని విడగొట్టి చెప్తాను. క్లయింట్‌కి నచ్చదు. అయినా అలాగే చెప్తాను.

వార్త తప్పు పడినప్పుడు ఏం చేయాలి అని పొద్దున ఒకమ్మాయి అడిగింది. ముందు రాసిన రిపోర్టర్‌కే ఫోన్ చెయ్యమ్మా, ఎడిటర్‌కి కాదు, ఓనర్‌కి అసలే కాదు. వార్త బాలేదు, మా ఇమేజ్ దెబ్బతింది అనకు, ఫలానా పేరాలో ఫలానా అంకె తప్పు, ఇదిగో ఆర్డర్ కాపీ అని చెప్పు. నిజంగా తప్పయితే చాలావరకు సవరణ వేస్తారు. తప్పు కాకుండా మీకు ఇబ్బంది మాత్రమే అయితే అది సవరణ కాదు, దాని జోలికి వెళ్లకు. ఇంకా ఆఫ్ ది రికార్డ్, అంటే ఇది అచ్చులో వేయొద్దు అనేది మాట చెప్పకముందు అనాలి, చెప్పేశాక అంటే కుదరదు, అవతలి వాళ్లు సరే అన్నాకే నోరు విప్పాలి.

టైమ్ అయిపోయిందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు తెచ్చిన ప్రెస్ నోట్లు నా టేబుల్ మీద పెట్టండి, పేర్లు కొట్టేసి పెట్టండి, ఒక్కోదాన్ని సబ్ ఎడిటర్ చేసినట్టే మీ కళ్ల ముందు దిద్దుదాం. ఆస్పత్రి నోట్లు ముందు తీసుకుంటాను. క్యాంపు టైమ్ ఉందో లేదో ఈలోపు ఒకసారి చూసుకోండి.