గోల్డెన్ వీసా: ధర ఒక్కటే చూస్తే సరిపోదు

[తెర మీద పెద్ద అక్షరాల్లో: "8 లక్షల డాలర్లు పెట్టండి, గ్రీన్ కార్డ్ పట్టండి"]

ఇలాంటి ప్రకటన మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. డబ్బు పెట్టినవాళ్లకి ఒక దేశం ఇచ్చే నివాస అనుమతినే గోల్డెన్ వీసా అంటారు. అందులో ఉన్నది పచ్చి అబద్ధమని అనను. కాకపోతే కనిపించేది ఒక్క అంకే. వీసా చేతికొచ్చాక అది నిలవాలంటే ఏటా ఎన్ని రోజులు అక్కడ ఉండాలి, డబ్బు ఎన్నాళ్లు కదపకుండా ఉంచాలి, పన్ను ఏ దేశానికి కట్టాలి... ఈ మూడింటి గురించీ ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఈ వీడియో ఆ చిన్న అక్షరాల గురించే.

ముందు దుబాయ్ సంగతి చూద్దాం, సులువుగా అర్థమవుతుంది. యూఏఈలో 20 లక్షల దిర్హాంల విలువైన ఆస్తి కొంటే పదేళ్ల గోల్డెన్ వీసా ఇస్తారు. మామూలు రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్లు ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అది రద్దవుతుంది. గోల్డెన్ వీసాకి ఆ బెడద లేదు. బాగానే ఉంది కదా? అయితే అది వీసా మాత్రమే. పదేళ్ల తర్వాత మళ్లీ రెన్యువల్‌కి వెళ్లాల్సిందే, ఎన్నేళ్లున్నా దానంతటదే పౌరసత్వంగా మారదు. ఆస్తి అమ్మేస్తే, దాని మీద ఆధారపడ్డ వీసాకి కాళ్లుండవు.

[తెర మీద పక్కపక్కనే మూడు మాటలు: నివాసం, పౌరసత్వం, పన్ను]

ఏజెంట్లు ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టి అమ్ముతారు. చట్టంలో మాత్రం దేని దారి దానిదే. గ్రీస్‌నే చూడండి. పెట్టుబడితో వచ్చే నివాస అనుమతికి అక్కడ కనీసం ఇన్ని రోజులు ఉండాలన్న నిబంధన లేదు. అదే పౌరసత్వం కావాలంటే ఏడేళ్లు నిజంగా అక్కడ కాపురం ఉండాలి. ఆ నివాస అనుమతి కార్డుతో మిగతా షెంగెన్ దేశాలకు, అంటే సరిహద్దు తనిఖీల్లేకుండా తిరిగే వీలున్న యూరప్ దేశాలకు వెళ్లొచ్చు, కానీ ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఉద్యోగం చేసే హక్కూ రాదు. "ఒక్క కార్డు, యూరప్ అంతా మీదే" అనేది అందుకే సగం మాట.

ఇప్పుడు అమెరికా. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

పెట్టుబడి పెట్టేవాళ్లకి గ్రీన్ కార్డ్ దారి చూపే ఈబీ-5 వీసా 1990 చట్టంతో వచ్చింది. 2022 మార్చిలో దాన్ని సవరించారు. మామూలుగా 10.5 లక్షల డాలర్లు పెట్టాలి. గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్నచోటో పెడితే 8 లక్షలు చాలు. దానికితోడు, ఆ పెట్టుబడి వల్ల కనీసం 10 మందికి పూర్తికాలపు ఉద్యోగాలు రావాలి. అసలు మెలిక వేరే ఉంది: ఆ డబ్బు నష్టపోయే అవకాశం నిజంగా ఉండాలి. "మీ అసలుకి మాది గ్యారంటీ" అని ఎవరైనా రాసిచ్చారంటే సంతోషపడకండి. ఆ కాగితమే మీ దరఖాస్తుని ముంచుతుంది. ఈ వీసాలో రిస్క్ తప్పదు, చట్టమే దాన్ని అడుగుతోంది.

అన్నీ కుదిరాక వచ్చేది కూడా షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డే. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-829 ఫారం వేసి, డబ్బు పెట్టాను, ఉద్యోగాలు వచ్చాయి అని రుజువు చేయాలి. ఆ ఫారం వేయకపోతే హోదా పోతుంది. మీరు డబ్బు పెట్టిన ప్రాజెక్టు నడిపేవాళ్లు చేతులెత్తేస్తే ఉద్యోగాల లెక్క చూపించడానికి మీ దగ్గర ఏముంటుంది?

వెర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే స్కీ రిసార్ట్ ఉంది. దాని విస్తరణ పేరుతో, అదే రాష్ట్రంలో ఒక బయోటెక్ కేంద్రం కడతామంటూ పలు దేశాల ఈబీ-5 పెట్టుబడిదారుల నుంచి డబ్బు తీసుకున్నారు. 20 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లించారని 2016లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ (అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) కేసు పెట్టింది. బయోటెక్ కేంద్రం లేవనేలేదు. రిసార్ట్ యజమానికి 2022లో జైలు శిక్ష పడింది. డబ్బు పెట్టినవాళ్లలో కొందరి పరిస్థితి డబ్బుకీ కార్డుకీ రెంటికీ చెడ్డ రేవడి అయింది. కాబట్టి బ్రోషర్‌లో భవనం బొమ్మ ఎంత అందంగా ఉందో వదిలేయండి. డబ్బు ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరేదాకా మూడో పక్షం దగ్గర ఉండే ఖాతా) ఉంటుందా, ఏ షరతు మీద బయటికి వస్తుంది, వీసా తిరస్కరిస్తే ఎన్నాళ్లకు తిరిగిస్తారు... వీటికి ఒప్పందంలో జవాబు వెతకండి.

పిల్లల వయసు కూడా ముందే లెక్కేసుకోండి. తల్లిదండ్రుల దరఖాస్తు మీద గ్రీన్ కార్డ్ రావాలంటే పిల్లలకు 21 ఏళ్లు నిండకూడదు. వయసు లెక్కలో కొంత వెసులుబాటిచ్చే చట్టం ఉంది, కానీ వీసా కోసం క్యూ ఎంత సాగితే టెన్షన్ అంత. ఇంట్లో 19 ఏళ్ల కూతురుంటే "వచ్చే ఏడాది చూద్దాంలే" అనుకునే వీలు ఉండదు.

ఇక 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ఉత్తర్వుతో వచ్చిన గోల్డ్ కార్డ్. అందులో వ్యక్తి ఇచ్చే 10 లక్షల డాలర్లు పెట్టుబడి కాదు, ప్రభుత్వానికి ఇచ్చే కానుక. తిరిగి రాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని దీన్నీ గోల్డెన్ వీసానీ కలిపేయకండి.

[తెర మీద వరుసగా: బ్రిటన్ 2022, ఐర్లాండ్ 2023, స్పెయిన్ 2025]

ఇవి తలుపులు మూసుకున్న సంవత్సరాలు. బ్రిటన్ 20 లక్షల పౌండ్ల ఇన్వెస్టర్ వీసాని 2022 ఫిబ్రవరి 17న ఆపేసింది. ఏడాది తిరగ్గానే ఐర్లాండ్. 5 లక్షల యూరోల ఇంటికి నివాస అనుమతి ఇచ్చిన స్పెయిన్, ఇళ్ల ధరలు స్థానికులకు అందట్లేదన్న గొడవ ముదిరాక 2025 ఏప్రిల్ 3న ఆ పథకాన్ని ఎత్తేసింది. పోర్చుగల్ పూర్తిగా మూయలేదు, 2023 అక్టోబర్‌లో ఇళ్ల దారి మాత్రం తీసేసి పెట్టుబడి ఫండ్లలో 5 లక్షల యూరోలు పెట్టే దారి ఉంచింది. ఏడాదికి సగటున ఏడు రోజులు అక్కడ ఉంటే చాలన్నది మాత్రం మారలేదు. గ్రీస్ ఏథెన్స్, థెస్సలొనీకి, సాంటొరినీ లాంటి చోట్ల ఇంటి కనీస ధరను 8 లక్షల యూరోలకు పెంచింది. ఆ ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇవ్వకూడదని కూడా చెప్పింది. అద్దెతోనే పెట్టుబడి రాబడదాం అనుకున్నవాళ్ల లెక్క అక్కడే తప్పింది. పాస్‌పోర్టులనే అమ్మిన మాల్టా పథకం ఈయూ చట్టానికి విరుద్ధమని ఐరోపా న్యాయస్థానం 2025 ఏప్రిల్ 29న తీర్పిచ్చింది.

అందుకే "ఈ నెలాఖరుకి రూల్ మారిపోతోంది" అని ఏజెంట్ తొందరపెడితే, అది నిజమే కావచ్చు. కానీ మారాక పాత దరఖాస్తుల్ని ఏం చేస్తారో, రెన్యువల్స్ ఏ నిబంధనల కింద జరుగుతాయో కూడా ఆయన్నే అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే విషయం అర్థమైపోతుంది.

పన్ను గురించి. చాలా దేశాల్లో ఏడాదికి 183 రోజులు ఉంటే మీరు పన్ను లెక్కలో అక్కడి నివాసి అవుతారు. అంతకంటే తక్కువ ఉన్నా, ఇల్లూ సంసారం అక్కడే ఉంటే పన్ను శాఖ ఊరుకోకపోవచ్చు. అమెరికాలో గ్రీన్ కార్డ్ ఉన్నవారి ఆదాయం ప్రపంచంలో ఎక్కడిదైనా అక్కడ చూపించాలి, ఎన్ని రోజులున్నారన్నది పట్టించుకోరు. దుబాయ్‌లో జీతం మీద ఆదాయ పన్ను లేదు నిజమే. కానీ అక్కడి వీసా వచ్చినంత మాత్రాన పాత దేశంతో పన్ను సంబంధం తెగిపోదు. అది తెగిందో లేదో పాత దేశం చట్టమే తేలుస్తుంది.

చివరిగా, డబ్బు ఎక్కడిదని అడుగుతారు. ఖాతాలో ఉందని చూపిస్తే చాలదు, అది ఎలా వచ్చిందో చూపించాలి. ఇల్లు అమ్మిన డబ్బైతే అమ్మకపు పత్రం, ఆ మొత్తం ఖాతాలో పడ్డ స్టేట్‌మెంట్, పన్ను రిటర్న్, అసలు ఆ ఇల్లు మొదట ఏ డబ్బుతో కొన్నారన్న ఆధారం కూడా. మామగారు బహుమతిగా ఇచ్చారంటే ఆయనకెలా వచ్చిందో ఆయన కాగితాలూ పెట్టాలి. మధ్యలో ఒక్క లావాదేవీకి ఆధారం లేకపోయినా ఫైలు అక్కడే ఆగుతుంది. ఈ కాగితాలన్నీ వరుసలో పెట్టుకున్నాకే దేశం ఎంచుకోండి. లాయర్‌ని కూడా మీరే వెతికి పెట్టుకోండి. ప్రాజెక్టు అమ్మేవాళ్లు చూపించిన లాయర్ వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటున్నారా అన్నది మొదటి మీటింగ్‌లోనే అడిగేయండి.