కుర్రకారుకే ఆశ ఎక్కువా? అడిగింది ఎవరిని?

యాంకర్: రాజకీయాల విషయంలో కుర్రతనంలో ఆదర్శం, వయసు మీదపడ్డాక నిరాశ అంటారు. సర్వేలూ అదే చెప్తున్నాయా సర్?

సర్వే నిపుణుడు: ఒక్క సర్వే చూసి ఆ మాట అనకూడదండి. 1955లో పుట్టినవాళ్లకు ఎమర్జెన్సీ నాటికి ఇరవై ఏళ్లు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాలు కూడా వాళ్ల కళ్లముందే జరిగాయి. 2005లో పుట్టినవాళ్లకు తెలంగాణ వచ్చేసరికి తొమ్మిదేళ్లు. ఈ ఇద్దరి మధ్య తేడా వయసుదా, చూసిన కాలానిదా? తేలాలంటే ఒకే ప్రశ్న, అక్షరం మార్చకుండా, ఏళ్ల తరబడి అడగాలి. 1985లో పుట్టినవాళ్లు ఇరవైలో ఏమన్నారు, నలభైలో ఏమన్నారు అని చూడాలి. మధ్యలో ప్రశ్న మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

అధ్యాపకురాలు: అసలు ప్రశ్నలోనే తప్పు జరుగుతోంది. ‘దేశం బాగుపడుతుందా’ వేరు, ‘మీ ఇల్లు బాగుపడుతుందా’ వేరు. చదువు అయిపోవచ్చిన కుర్రాడు ఉద్యోగం వస్తుందనే నమ్మకంతో రెండోదానికి ఔనంటాడు. దాన్ని తీసుకెళ్లి రాజకీయాల మీద నమ్మకం కింద రాసేస్తున్నారు!

సర్వే నిపుణుడు: ఇంకోటి, మధ్యాహ్నం తలుపు కొడితే తాతగారు ఉంటారు, మనవడు ఉండడు. ‘వాడికేం తెలుసు, నేను చెప్తా రాసుకోండి’ అంటారు. అలా రాసుకున్న కాగితం పనికిరాదు. సాయంత్రమో, ఆదివారమో మళ్లీ వెళ్లాలి. పెద్దలు వింటుంటే పిల్లలు నోరు విప్పరు, పక్కకు పిలిచి అడగాలి.

యాంకర్: అంత తిరిగితే సరిపోతుందా?

సర్వే నిపుణుడు: సరిపోదు. ఎన్నికల మీద పరిశోధన చేసే లోక్‌నీతి లాంటివాళ్ల పెద్ద సర్వేల్లో పేర్లు ఓటర్ల జాబితా నుంచే తీస్తారు. జాబితాలో లేని పద్దెనిమిదేళ్ల అమ్మాయి సర్వేకీ దొరకదు. ఊళ్లో పేరుండి హాస్టల్లో ఉంటే, వెళ్లినవాళ్లకు తాళమో, అమ్మానాన్నలో కనబడతారు.

అధ్యాపకురాలు: రాజ్యాంగ 61వ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. హక్కైతే ఇచ్చాం, పేరెక్కించే పని మాత్రం పిల్లలకే వదిలేశాం. నాకు బాధ అక్కడే. 17 నిండగానే, కొత్తగా ఓటు నమోదుకు వాడే ఫారం 6 ముందుగా ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండితే చాలు, పేరెక్కుతుంది. హాస్టల్ చిరునామాతో నమోదు కావాలంటే ప్రిన్సిపల్ ధ్రువీకరణ జతచేయాలి.

యాంకర్: ఊళ్లో ఇప్పటికే ఓటుంటే?

అధ్యాపకురాలు: అప్పుడు మళ్లీ ఫారం 6 ఇవ్వకూడదు, రెండుచోట్ల పేరుండటం చట్టవిరుద్ధం. ఫారం 8తో చిరునామా మార్పించుకోవాలి. కాలేజీలో చేరిన వారంలోనే ఆ రెండు ఫారాలూ పిల్లల చేతికివ్వాలి.