గెలిచిన గుర్రాలు చేయి దాటిపోతే... పైక్ అండ్ షాట్: క్యాంపెయిన్స్ రివ్యూ

నమస్తే ఫ్రెండ్స్. ఈ రోజు గేమ్ పైక్ అండ్ షాట్: క్యాంపెయిన్స్. బైజాంటైన్ గేమ్స్ తయారు చేసింది, స్లిథరిన్ విడుదల చేసింది. 16, 17 శతాబ్దాల యూరప్ యుద్ధాలు, టర్నుల వారీగా ఆడాలి. గ్రాఫిక్స్ సాదాగా ఉంటాయి, నాకైతే అది లోటుగా అనిపించలేదు.

ముందు ఆ కాలం తుపాకీ సంగతి చెప్పాలి. మస్కెట్‌లో మందు పోసి, గుండు దించి, కూరి, మండుతున్న వత్తితో పేల్చాలి. మళ్లీ సిద్ధం చేసుకునేలోపు గుర్రాలు మీద పడిపోతాయి. తుపాకీ మొనకు తగిలించే కత్తి, బాయొనెట్, ఇంకా వాడుకలోకి రాలేదు. అందుకే మస్కెట్ల పక్కనే పదిహేనడుగులు దాటిన ఈటెలతో పైక్‌మెన్ నిలబడేవారు. ఆ ఈటెల మొనల మీదికి గుర్రం దూకదు. గేమ్‌లోనూ అంతే: పైక్‌ల అండ లేని మస్కెట్ దళాన్ని మైదానం మధ్యలో వదిలారో, అది పోయినట్టే. పైక్‌ల దళాన్ని కూడా ఎదురుగా కాదు, పక్క నుంచి కొట్టాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం గుర్రాల వ్యవహారం. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన ఆడుతున్నాను. కుడివైపు నా గుర్రాలు ఎదుటివాళ్లను చెదరగొట్టాయి. సంతోషించేలోపే పారిపోతున్నవాళ్ల వెంటపడ్డాయి. తరువాతి టర్నులో వాటిపై క్లిక్ చేస్తే కదలవు, వెంటాడుతూనే ఉన్నాయి! ఇక్కడ మధ్యలో నా పైక్‌లు ఒంటరిగా నలుగుతున్నాయి.

నిజంగా జరిగిందీ ఇదే. 1642 అక్టోబర్ 23న ఇంగ్లండ్‌లోని ఎడ్జ్‌హిల్ యుద్ధంలో, రాజు గుర్రపు దళాల నాయకుడు ప్రిన్స్ రూపర్ట్ గుర్రాలు పార్లమెంటు గుర్రాలను తరుముకుంటూ కైన్‌టన్ ఊరి దాకా వెళ్లి, సామాన్ల బండ్ల మీద పడ్డాయి. మైదానంలో మిగిలిన కొద్దిపాటి పార్లమెంటు గుర్రాలు రాజు కాల్బలాన్ని కొట్టాయి. రాజు జెండా కూడా కాసేపు శత్రువు చేతిలోకి పోయింది. పుస్తకంలో చదివినప్పుడు రూపర్ట్‌ది తొందరపాటు అనుకున్నాను. ఈ గేమ్ ఆడాక, పరుగందుకున్న గుర్రాన్ని ఆపడం ఎంత కష్టమో తెలిసింది.

రెండోసారి ఆడినప్పుడు ఒక గుర్రపు దళాన్ని పైక్‌ల వెనకే ఆపాను. ఎంత టెన్షన్ వచ్చినా కదపలేదు. శత్రువు పైక్‌లు నా వరుసతో తలపడి ఇరుక్కున్నాక, పక్క నుంచి వదిలాను.